యంత్రానికి ముందుకథ ఉంది, మన పేటకు లేదా?

సినిమా గురించి ఉద్యమ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. కూలి రేట్ల గురించి రాయండి, శ్మశానం జాగా గురించి రాయండి, స్టీలు ప్లాంటు గురించి రాయండి అంటారు. రాస్తూనే ఉన్నాం, ఇంకా రాస్తాం. కానీ మిత్రులారా, సినిమా హాలు ముందు లైన్లో నిలబడేదెవరు? కటౌటుకి పాలు పోసేదెవరు? బ్యానరు కట్టడానికి కరెంటు స్తంభం ఎక్కేదెవరు? మన పేట గుంటలు కాదూ! కలాసీ పనికి వెళ్లి తెచ్చిన కూలి డబ్బుల్లోంచి తీసి టిక్కెట్టు కొంటున్నారు. మన డబ్బుతో కొన్న సరుకుని మనం తూకం వేసి చూడకూడదా?

అందుకని ఈసారి ఒక ముందుకథ గురించి మాట్లాడుకుందాం. పెద్ద కథ మొదలుకాక ముందు ఏం జరిగిందో చెప్పేదే ముందుకథ. ఇంగ్లీషులో ప్రీక్వెల్ అంటున్నారు. 2024 మే 31న 'బుజ్జి అండ్ భైరవ' అని రెండు భాగాల బొమ్మల చిత్రం అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. ఇది హాల్లో ఆడలేదు, ఫోన్లోకి వచ్చింది. ఒక్క ఫోను చుట్టూ పదిమంది పిల్లలు మూగి చూసే రకం బొమ్మ ఇది. దాని తరువాత జూన్ 27న నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' దేశమంతటా విడుదలైంది. దానికి సుమారు 600 కోట్ల రూపాయల ఖర్చయిందని పత్రికలు రాశాయి.

కథ చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాం. లోకమంతా ఎండిపోయింది. మిగిలింది కాశీ ఒక్కటే. దాని మీద ఆకాశంలో తలకిందులుగా ఉన్న పిరమిడ్ ఒకటి. దాని పేరు కాంప్లెక్స్. నీళ్లు, పచ్చదనం, మంచి తిండి అన్నీ అక్కడే. కింద కాశీలో జనం దుమ్ములో దొర్లుతుంటారు. పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. భైరవ అనేవాడు ఆ యూనిట్ల కోసం మనుషుల్ని పట్టిచ్చే కిరాయివాడు. బుజ్జి అనేది ఒకప్పుడు కాంప్లెక్స్ కొలువులో సరుకు మోసే ఓడని నడిపిన యంత్రబుద్ధి. ఆ బుజ్జి భైరవ చేతికి ఎలా చిక్కింది, బండిలోకి ఎలా చేరింది అన్నది బొమ్మల చిత్రం చెప్పే ముందుకథ.

మేం ఇలాంటి కథలకి శత్రువులం కాము. చిన్నప్పట్నుంచీ పిచ్చిగా చూసినవాళ్లమే. 1957 నాటి 'మాయాబజార్'లో మూత తీస్తే ఇష్టమైనవాళ్లు కనబడే ప్రియదర్శిని పేటికను చూసి నోరెళ్లబెట్టాం. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీస్తే కాలయంత్రం అన్న మాటే మందులా ఎక్కింది. పంతొమ్మిదివందల తొంభైల పిల్లలకి వెనక్కి 1526కీ, ముందుకి 2504కీ పోయే బండి దొరికింది. తెలుగువాడు కూడా ఇలాంటిది తీయగలడని ఛాతీ విరుచుకున్నాం. అంత ఇష్టంతోనే ఈ కొత్త ముందుకథనీ చూశాం. ఇష్టమున్నవాడికే నిలదీసే హక్కు ఉంటుంది.

పొగడాల్సింది పొగుడుదాం

బుజ్జి మాకు నచ్చింది. ఎందుకంటే బుజ్జి మోత కూలీ. విశాఖ మనుషులకి ఇది విడమరచి చెప్పాలా? 1933లో ఓడరేవు తెరిచిన దగ్గర్నుంచీ ఈ ఊరు మోత మీదే బతికింది. మాంగనీసు మోశాం, ఇనుప ఖనిజం మోశాం, బొగ్గు మోశాం. మోసినవాడి ఊపిరితిత్తుల్లో దుమ్ము మిగిలింది, మోయించినవాడికి మేడ మిగిలింది. క్రేన్లు వచ్చాయి, బెల్టులు వచ్చాయి, మనిషి భుజం అక్కర్లేకుండా పోయింది. సరుకు మోసీ మోసీ ఒకరోజు నేలన పడ్డ యంత్రం మనిషిలా మాట్లాడుతుంటే, అలుగుతుంటే, ఎదురు తిరుగుతుంటే మా పిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వులో చుట్టరికం ఉంది. 'నేను వట్టి సామాను కాదు' అని ఒక సామాను అనడమే కదా ఆ కథలో అసలు రుచి! మనం తరతరాలుగా అంటున్న మాటే అది.

కాంప్లెక్స్ బొమ్మ కూడా మాకు నచ్చింది. 1920లో బాబాసాహెబ్ అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదటి సంచికలోనే హిందూ సమాజాన్ని అంతస్తుల మేడతో పోల్చారు. ఆ మేడకి మెట్లుండవు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. ఆ మాట చెప్పిన నూట నాలుగేళ్లకి తెలుగు సినిమా ఆ మేడని తలకిందులు చేసి ఆకాశంలో వేలాడదీసి చూపించింది. కింద ఉన్నవాడి నీళ్లు తాగి పైవాడు పచ్చగా ఉంటాడని పిల్లవాడికి కూడా అర్థమయ్యేట్టు చూపించింది. శంబల అనే చోట రకరకాల మతాలవాళ్లు కలిసి తలదాచుకున్నట్టు చూపించింది. మంచిదే, ఒప్పుకుంటాం.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక నిలదీత.

ఎవరికి ముందుకథ ఉంటుంది?

ముందుకథ అనేది చిన్న విషయం కాదు. ఎవడికి ముందుకథ ఉంటుందో వాడే మనిషి. వాడు ఎందుకు అలా అయ్యాడో, ఏం పోగొట్టుకున్నాడో, ఎవరు వాడికి అన్యాయం చేశారో తెలుస్తుంది. ముందుకథ లేనివాడు గుంపు. వాడు తెర వెనకాల కదిలే నీడ. దెబ్బ పడ్డప్పుడు పడిపోవడానికీ, దేవుడొచ్చినప్పుడు దండం పెట్టడానికీ మాత్రమే పనికొస్తాడు.

ఈ కథలో కిరాయివాడికి ముందుకథ ఉంది. బండికి ముందుకథ ఉంది. చావులేని అశ్వత్థామకి ఏకంగా కురుక్షేత్రం నాటి ముందుకథ ఉంది. మరి కాశీ వీధుల్లో దాహంతో తిరిగే ఆ వేలమందికో? వాళ్లెవరి పిల్లలు? కాంప్లెక్స్ కట్టినప్పుడు ఇనుము కాల్చిందెవరు, రాయి మోసిందెవరు? కట్టిన చేతుల్ని కిందికి ఎప్పుడు తోసేశారు? ఒక్క ముక్క లేదు. 2898లో కూడా మనం గుంపే!

పోనీ, అశ్వత్థామ కథనే ముందుకి లాగి చూద్దాం. ఈయన ద్రోణుడి కొడుకు. పాలు కొనలేని పేదరికంలో ఈ బిడ్డకి పిండి కలిపిన నీళ్లు పాలని చెప్పి తాగించారని భారతమే చెబుతుంది. ఆకలి తెలిసిన ఇల్లే అది. ఆ ద్రోణుడే రాజాశ్రయం దొరికాక ఏం చేశాడు? నేర్పని విద్యకి గురుదక్షిణగా ఏకలవ్యుడి బొటనవేలు కోయించుకున్నాడు. ద్రోణుడి కొడుకుని ఆరువేల ఏళ్లు బతికించి లోకరక్షకుణ్ణి చేశారు. వేలు తెగిన నిషాదుడు ఏమయ్యాడు? ఆ నెత్తురుకి ముందుకథా లేదు, తరువాతి కథా లేదు.

కర్ణుడి సంగతి చూడండి. ఆఖర్న భైరవే కర్ణుడని తేలగానే హాలంతా ఈలలు వేసింది. మన కుర్రాళ్లే ఎక్కువ వేశారు. ఎందుకు వేశారో మాకు తెలుసు. సభలో కులమడిగి అవమానించిన మనిషి తిరిగొచ్చాడని వేశారు. ఆ ఈలని మేం తప్పుపట్టం. కాకపోతే ఒక ప్రశ్న అడుగుతాం. కర్ణుడు గొప్పవాడని ఒప్పుకోవడానికి ఆయన సూర్యుడి కొడుకనీ, రాచకన్య కడుపున పుట్టాడనీ ముందే చెప్పాల్సి వచ్చింది కదా! నిజంగానే రథం తోలేవాడి కొడుకైతే ఈ కథ ఆయన్ని మోసేదా? అవమానమేమో కూలివాడిది, గౌరవమేమో రాచపుటకది. ఈ లెక్కలో ఉన్న మెలిక మన పిల్లలకి విప్పి చెప్పాలి.

ఇక కల్కి పేరు. ఈ పేరుకి పురాణంలో పెద్ద ముందుకథే ఉంది. సినిమా అది చెప్పలేదు, మనం చెప్పుకోవాలి. భాగవతం పన్నెండో స్కంధంలో కలియుగం ఎంత చెడ్డదో జాబితా రాశారు. శూద్రులు ఎత్తయిన పీఠమెక్కి ధర్మం చెబుతారట. వర్ణాల తేడా చెరిగిపోయి అందరూ శూద్రుల్లా అవుతారట. ఆ పాడుకాలాన్ని బాగుచేయడానికి శంబల గ్రామంలో విష్ణుయశుడనే బ్రాహ్మణుడి ఇంట కల్కి పుట్టి, గుర్రమెక్కి కత్తి తీస్తాడట. అంటే ఏటన్నమాట? పేటలో పుట్టి కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే మాబోటి పంతుళ్లే కలియుగ లక్షణం! మనం చదువుకోవడమే వాళ్ల ప్రళయం! మన రోజులు బాగుపడితే వాళ్లకి రోజులు చెడ్డట్టు!

న్యాయంగా మాట్లాడుకుందాం. సినిమా ఈ జాబితాని వాడుకోలేదు. నీళ్లు ఎండిపోవడం, ఆడవాళ్ల గర్భాల మీద పెత్తనం చేయడం, ఇదే కలి అని చూపించింది. అది పురాణం కన్నా ఎంతో మేలైన మాట. పుట్టబోయే బిడ్డ తల్లి సుమతికి కులం అంటగట్టలేదు. ఇదీ మేలే. కానీ పాత సీసాని కడగకుండా కొత్త మందు పోస్తే పాత వాసన పోతుందా? రక్షకుడు పైనుంచే రావాలి, కడుపులో ఉండగానే దేవుడై ఉండాలి, జనం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఇదీ ఆ వాసన. శంబలని గుర్తుపెట్టుకున్నవాళ్లకి శంబూకుడు గుర్తు రాలేదు. 1920లోనే త్రిపురనేని రామస్వామి 'శంబూకవధ' నాటకం రాసిన భాష ఇది. తపస్సు చేసినందుకు తల తెగిన శూద్రుడి కథ తెలుగువాడికి కొత్త కాదు. వెతికితే దొరికేదే.

కాలయంత్రం ఎక్కడ ఆగుతుంది?

'ఆదిత్య 369' మీద మా ప్రేమ చచ్చిపోలేదు. 2025 ఏప్రిల్‌లో కొత్త మెరుగులతో మళ్లీ విడుదల చేస్తే మళ్లీ చూశాం. కాలయంత్రం వెనక్కి పోయి ఎక్కడ ఆగింది? కృష్ణదేవరాయల కొలువులో. బంగారు సింహాసనం, కవులు, నాట్యం. బాగుంది. ఆ సింహాసనానికి బంగారం తవ్వినవాడి గుడిసె ముందు ఒక్క నిమిషం ఆగితే పెట్రోలు అయిపోయేదా?

ఆ సినిమా 1991 జూలై 18న విడుదలైంది. అదే జూలైలో గుంటూరు జిల్లా చుండూరు గొడవ మొదలైంది. ఎక్కడ మొదలైందో తెలుసా? సినిమా హాల్లో. దళిత యువకుడి కాలు ముందువరసలో ఉన్న అగ్రకులస్థుడికి తగిలింది. అదీ నేరం. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి నరికి కాలవలో పడేశారు. కాలయంత్రం బొమ్మ రాష్ట్రమంతటా ఆడుతున్న రోజులవి. తెర మీద మనిషి 2504కి పోయాడు. తెర ముందు కూర్చున్న మనిషి కాళ్లు చాపుకోవడానికి కూడా లేదు.

చుండూరుకి కాలయంత్రం తోలుదాం రండి. పదహారేళ్లు ముందుకి పోతే 2007. ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. ఇంకో ఏడేళ్లు పోతే 2014 ఏప్రిల్ 22. హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఇరవైమూడేళ్లు ముందుకి తోలినా బండి బయలుదేరిన చోటే ఆగింది! మన కాలయంత్రం ఇలా నడుస్తోంది.

అమెరికాలో ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి రచయిత్రి ఉండేది. 1979లో 'కిండ్రెడ్' అని నవల రాసింది. అందులో 1976 నాటి నల్లజాతి ఆడమనిషి ఉన్నట్టుండి కాలంలో వెనక్కి జారిపోతుంది. ఆమె ఏ రాజు కొలువులోనూ తేలదు. తన ముత్తవ్వలు బానిసలుగా బతికిన మేరీలాండ్ తోటలో తేలుతుంది. కొరడా దెబ్బ తింటుంది. చివరికి ఒక చెయ్యి పోగొట్టుకుని ఇంటికి చేరుతుంది. కథలో యంత్రం లేదు, గ్రాఫిక్స్ లేవు, 600 కోట్లు లేవు. ఎవరు వెనక్కి వెళ్తారో, ఏ వాకిట్లో దిగుతారో, అదే కథ. మన తెలుగులో అలాంటి బండి వెలివాడ ముందు ఆగేదెన్నడు?

ఖాండవం నుంచి కూర్మన్నపాలెం దాకా

సినిమాలో అర్జునుడి గాండీవాన్ని కళ్లు చెదిరేట్టు చూపించారు. ఆ విల్లుకి కూడా ముందుకథ ఉంది. ఖాండవవనాన్ని తగలబెట్టేటప్పుడు చేతికొచ్చిన విల్లు అది. అడవిలోని నాగులూ, జంతువులూ, పిట్టలూ పారిపోకుండా కాపలా కాసి కాల్చారు. ఖాండవప్రస్థమే ఇంద్రప్రస్థమయ్యింది. కొత్త నగరం లేచినప్పుడల్లా దాని కింద ఒక బూడిద ఉంటుంది. నగరానికి పేరుంటుంది, బూడిదకి ఉండదు.

మన విశాఖని ఈ కంటితో చూడండి. విశాఖ ఉక్కుకి గొప్ప కథ ఉంది. 1966లో ఆంధ్రుల హక్కని లేచిన ఉద్యమం, తుపాకులకి బలైన 32 మంది, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన పునాదిరాయి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితమివ్వడం. ఇది అందరికీ వచ్చిన పాఠం. దీని ముందుకథ ఏది? ప్లాంటు కోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయని అంటారే, ఆ ఊళ్ల పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి వచ్చు? ఆ ఊళ్లలో పట్టా ఉన్నవాడికి పరిహారం లెక్క ఉంది. పట్టా లేని పాలేరుకి, ఎవరి పొలంలోనో నాట్లేసే మన ఆడవాళ్లకి, ఏ కాగితం ఉంది? ఆర్ కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయిన వాళ్ల ముందుకథ ఎవరు రాశారు?

2021 జనవరి 27న కేంద్రం ప్లాంటుని నూరు శాతం అమ్మేస్తామని నిర్ణయించింది. కూర్మన్నపాలెంలో శిబిరం వేసి నిరాహార దీక్షలు చేశారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ఆ తరువాత కూడా కాంట్రాక్టు కార్మికుల తొలగింపు ఆగలేదు. ఏ గేటు దగ్గరైనా ముందు బయటికి నెట్టేది కాంట్రాక్టు మనిషినే. పేటలవాళ్లం, నిర్వాసితుల బిడ్డలం ఎక్కువగా ఆ వరసలోనే కదా నిలబడేది! మన కాంప్లెక్స్ ఆకాశంలో లేదు బాబూ, గేటు అవతల ఉంది. ఊరిచ్చినవాడి మనవడు పాసు కోసం గేటు ఇవతల నిలబడ్డాడు. దీనికి మించిన ముందుకథ ఏ యంత్రానికైనా ఉందా?

మన దగ్గర సరుకు లేదా?

రాబోయే కాలం గురించి చెప్పడం మనకి చేతకాదని అనుకోకండి. కాలజ్ఞానం చెప్పిన పోతులూరి వీరబ్రహ్మం చేతిపనుల కులంలో మనిషి. ఆయన శిష్యుల్లో సిద్దయ్య దూదేకుల, కక్కయ్య మాదిగ. తెలుగునాట భవిష్యత్తు గురించి జనం నోట నిలిచిన మాట కడప జిల్లా కందిమల్లాయపల్లెలో ఇలాంటి మనుషుల మధ్య పుట్టింది. దాన్ని తరువాత ఎవరు ఎలా వాడుకున్నారన్నది వేరే సంగతి.

కాశీకి దారి కూడా మనకి ఎప్పుడో తెలుసు. 1941లో గుర్రం జాషువా 'గబ్బిలం' రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది కనక. ఆ గబ్బిలం కాశీ చేరిన తరువాత ఏమైందో చెబితే అదొక సినిమా. సినిమావాళ్లు కాశీని లోకంలో ఆఖరి నగరం చేశారు. బాగానే ఉంది. అయితే ఆ ఆఖరి నగరపు ఆఖరి గుడి తలుపు దగ్గర ఎవరు బయట నిలబడ్డారో జాషువాని అడిగి తెలుసుకోవాల్సింది.

ఇంకో మాట మనలో మనం అనుకోవాలి. భైరవ కల ఏమిటి? పది లక్షల యూనిట్లు కూడబెట్టి తానొక్కడూ పైకి పోవడం. అలాంటి భైరవలు మన పేటల్లో లేరా? రిజర్వేషన్ మెట్టెక్కి ఉద్యోగం రాగానే కాలనీ మార్చి, ఇంటిపేరు దాచి, పెళ్లికి పేటవాళ్లని పిలవడానికి సిగ్గుపడేవాళ్లు లేరా? 1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్లే తనని మోసగించారని బాధపడ్డారు. ఒక్కడు పైకి పోతే కాంప్లెక్స్ కూలదు. ఒక్కడికి చోటిచ్చి మిగతావాళ్లని మరిచిపోయేట్టు చేయడమే దాని బలం.

ఇప్పుడేం చేద్దాం

సినిమా చూడొద్దని మేం చెప్పం. చూడండి, ఈల వేయండి. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కథలో మోత మోసిందెవరు? ముందుకథ ఎవరికిచ్చారు? ఎవరికి ఇవ్వలేదు?

కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాం. ప్రతి పేటలో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి తలా ఒక నోటుబుక్కు ఇవ్వండి. మన పేట ముందుకథ రాయమనండి. ఈ పేట ఊరికి ఏ దిక్కున ఉంది, ఎందుకుంది? మన నుయ్యి ఎవరు తవ్వారు, ఊరి నూతి దగ్గర ఏం జరిగింది? మొదట బడికి పోయిందెవరు, ఎక్కడ కూర్చోబెట్టారు? ఓడరేవుకీ, ఫ్యాక్టరీకీ పోయిన మన భూమి ఎంత? ముసలమ్మల్ని అడగండి, బేగి అడగండి. ఒక్కొక్క ముసలమ్మ పోతుంటే ఒక్కొక్క ముందుకథ మట్టిలో కలిసిపోతోంది. రాసినవాటిని సభల్లో చదివించండి. ఆటగా ఆడండి, పాటగా కట్టండి. ఫోను చేతిలో ఉన్న కుర్రాళ్లు బొమ్మగా తీయండి.

బుజ్జికి ముందుకథ ఇచ్చారు, సంతోషం. మన ముందుకథ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇస్తారని గుర్రం మీద వచ్చేవాడి కోసం ఎదురుచూస్తే 2898 దాకా ఎదురుచూడాలి. మన కలం మనం పట్టాలి. మన కథ మనం మొదట్నుంచీ చెప్పాలి.

జై భీం.